అద్దంలో నలభై తలలు

పొద్దున్న ఐదూ ముప్పావుకి మల్కాపురంలో బస్సు తీస్తాను.
సింధియా దాటేసరికి పదిమంది,
కాన్వెంట్ జంక్షన్‌లో ఇంకో ఎనిమిదిమంది.
జాలరిపేట వచ్చేసరికి సీట్లన్నీ నిండుతాయి,
మాట మాత్రం వినపడదు.

నా నెత్తిమీది అద్దంలో
నలభై తలలు వాలి ఉంటాయి.
ఒకమ్మాయి జడ సగం అల్లి
మిగతా సగం వేళ్ళ మధ్యే పట్టుకుని నిద్రపోతుంది.
ఇమ్రాన్ ఒళ్ళో ఇడ్లీ పొట్లం, దారం కూడా విప్పలేదు.
ఒకడి కెమిస్ట్రీ పుస్తకం
వారం నుంచీ అదే పేజీ దగ్గర తెరుచుకుంటోంది.

కాలేజీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది:
నిద్ర మానినవాడిదే ర్యాంకు.
ఆ అక్షరాలు రాసిన పెయింటరు
మధ్యాహ్నం ఆ గోడ నీడలోనే
రంగు డబ్బా తలకింద పెట్టుకుని గురకపెట్టాడు.
నేను చూశాను.

ఒకప్పుడు లారీ తోలేవాణ్ణి.
ఒక రాత్రి తుని దాటాక
రెండంటే రెండు క్షణాలు రెప్ప వాలింది.
తెరిచి చూస్తే
జీడిమామిడి తోట మధ్యలో ఉన్నాను, స్టీరింగు పట్టుకునే.
గడ్డం కింద ఈ మచ్చ ఆనాటిదే.
నిద్రకి బాకీపడ్డవాణ్ణి
అది రోడ్డు మీదయినా సరే ఆపి వసూలు చేస్తుంది.

అందుకే క్లీనరు సింహాద్రికి చెప్పాను,
డోరు మీద కొట్టకురా, ఈల వెయ్యకు.
ఈ దారిలో స్పీడు బ్రేకర్లు నాకు పేరుపేరునా తెలుసు.
రెండో గేరులో,
ఉయ్యాల పక్కనుంచి నడిచినట్టు దాటిస్తాను.

జాలరిపేటలో ఎక్కే నూకరత్నం
నా వెనక సీట్లో కూర్చుంటుంది.
తెన్నేటి పార్కు దగ్గర ఓ రోజు అడిగింది:
"మావయ్యా, రోజూ నాలుక్కి ఎలా లెగుస్తావు?"
"లెగడం నాకు రాదమ్మా. పడుకోడం వచ్చు."
నవ్వింది. నవ్వు ఆగాక అంది:
"నాకదే రాదు. ఒంటిగంటయినా మెలకువే.
ఫిజిక్స్ క్లాసులో మాత్రం ముంచుకొచ్చేస్తాది.
అమ్మేమో బద్ధకం అంటాది.
మా అయ్య తెచ్చే చేపలకి రెప్పలుండవు,
నాకూ అంతేనేమో."

బద్ధకం కాదన్నాను.
మీ వయసులో నిద్ర ఆలస్యంగా వచ్చే పిల్లి.
వచ్చేసరికి మొహమ్మీద ఫోను వెలుగుంటే
గుమ్మంలోంచే తిరిగిపోద్ది.
నేనైతే తొమ్మిదికి ఫోను బియ్యం డబ్బాలో పడేస్తాను.
పొద్దుగూకితే టీ ముట్టను.
దీపం తీశాక ఏ లెక్కలూ చూడను, అప్పులవైనా సరే.
ఆదివారమూ అదే వేళకి లేస్తానంటే
"ఆదివారం కూడానా!" అని మొహం ముడిచింది.

వారం దాకా ఏమీ మారలేదు.
రాత్రి వాళ్ళమ్మ బియ్యం కొలిస్తే సోలలోకి ఫోనొచ్చిందట,
ఇంట్లో ఒకటే గొడవ.
ఆ పైవారం పరీక్ష, మళ్ళీ రెండింటిదాకా దీపం.
"పోయింది మావయ్యా, అంతా పోయింది" అంది.
క్లచ్చు నాకు మాత్రం ఒక్కరోజులో వచ్చిందేటి?
తల ఎప్పుడో నేర్చేసుకుంది,
కాలికి తెలియడానికే నెలలు పట్టింది.

కార్తీకంలో ఒక పొద్దున్న
జోడుగుళ్ళపాలెం దాటాక అద్దంలోకి చూశాను.
ముప్పైతొమ్మిది తలలు వాలి ఉన్నాయి.
ఒక జత కళ్ళు తెరుచుకుని ఉన్నాయి,
కడుక్కున్న పలకల్లా.
సముద్రం అప్పుడే ఎర్రబడుతోంది.
"అదిగో, మా అయ్య తెప్ప" అంది,
పక్కపిల్ల లేవకుండా, పెదాలతోనే.

ఎన్నాళ్ళుంటుందో తెలీదు.
మళ్ళీ పరీక్షలొస్తాయి.

మిగతా ముప్పైతొమ్మిదిమంది కోసం
ఆఫీసు గదిలోకెళ్ళి అడిగాను,
కాలేజీ ఓ గంట ఆలస్యంగా పెట్టకూడదా అని.
డ్రైవరువి, బండి చూసుకో అన్నారు.

చూసుకుంటున్నాను.
రుషికొండ మలుపు దగ్గర
మళ్ళీ రెండో గేరు.